పెరిగే ముయ్యి

"ఆ తాడు వదులప్పా! వదల్తావా లేదా?"

అక్కమ్మ దొడ్డి వాకిలికి అడ్డంగా నిలబడింది. లోపల ఆమె మొగుడు నాగేశ్వర ఎర్రగొర్రె మెడకు తాడు వేసి లాగుతున్నాడు. గొర్రె నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, కదిలేది లేదని మొండికేసింది. బయట గొర్రెల వ్యాపారి తన బండికి ఆనుకుని బీడీ వెలిగించుకున్నాడు. మొగుడూ పెళ్ళాల కొట్లాట తేలందే బేరం తెగదని అతనికి తెలుసు. తొందరేమీ పడలేదు.

"రేపు పెండ్లి పెట్టుకోని ఈ పొద్దు అడ్డం పడ్తావేమే? నీ తమ్మునికి ముయ్యి తీర్చల్లనా వద్దా?" అన్నాడు నాగేశ్వర.

"తీరుస్తాం. దానికి గొర్రెల్ని అమ్మల్లనా?"

"అమ్మకుండా యాడనుంచి తెస్తువు? ఆ షేర్లు ఇప్పుడు రెండింతలు అయ్యిండాయని నీ కూతురే చెప్పె గదా. రెండింతలకు రెండింతలు పెట్టకపోతే పందిట్లో తల ఎత్తుకోని తిరిగేదెట్ల?"

ముయ్యి అంటే ఏముంది! ఒకరింటి పెళ్ళికి మనం పెట్టింది, మన ఇంటి పెళ్ళికి తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు ఒక రూపాయి ఎక్కువొస్తే మర్యాద, తక్కువొస్తే తగువు. ముదిగుబ్బ చుట్టుపక్కల ఊళ్ళలో చేబదులు మరిచిపోయినవాళ్ళున్నారు గానీ, ముయ్యి మరిచిపోయినవాళ్ళు లేరు. నోటు పెడితే నోటు, చీర పెడితే చీర. అంతవరకూ ఎవరికీ చిక్కు లేదు.

చిక్కంతా తిప్పన్న తెచ్చిపెట్టాడు. అక్కమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. కుందుర్పిలో బోరు మోటార్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. మూడేళ్ళ కిందట అక్కమ్మ కూతురు హేమలత పెళ్ళిలో, మేనమామగా తను పెట్టవలసింది దుడ్లుగా పెట్టకుండా, ఆ పిల్ల పేరున ఖాతా తెరిపించి, తను కొన్న షేర్లు అందులోకి మార్చాడు. మార్చినట్టు వచ్చిన కాగితం కవర్లో పెట్టి, పసుపు బొట్టు పెట్టి మరీ ఇచ్చాడు.

చదివింపుల దగ్గర మైకు పట్టుకున్న బంధువు ఆ కవరు చించాడు. నోటు కోసం లోపల వేళ్ళు పెట్టి వెతికాడు. దొరక్క, "మేనమామ తిప్పన్న... ఒక కాగితం!" అని చదివేశాడు. పందిరి పందిరంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్విందెవరయ్యా అంటే ఈ నాగేశ్వరే. ఆ నవ్వులకు అక్కమ్మకు ఒళ్ళు తెలియలేదు. "దుడ్లు లేకపోతే లేవని చెప్పల్ల గానీ, ఇట్ల కాగితం పెట్టి నా పరువు తీస్తావేరా!" అని నలుగురిలో తమ్ముణ్ణి అనేసింది. తిప్పన్న వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి రాకపోకల్లేవు. ఇప్పుడు ఆ తిప్పన్న కూతురు గంగరత్న పెళ్ళి. పత్రిక పట్టుకుని తిప్పన్న పెళ్ళాం మారెక్క వచ్చింది. బొట్టు పెట్టి పిలిచింది. తిప్పన్న మాత్రం వీధి మలుపులో బండి మీదే ఉండిపోయాడు. ఇంట్లోకి రాలేదు. పెళ్ళిలో తమ్ముడు తనను అక్కా అని పిలుస్తాడా, పలకరించకుండా తప్పుకుంటాడా అన్న దిగులుతోనే అక్కమ్మకు పదిరోజులుగా ముద్ద దిగడం లేదు. నాగేశ్వరకు ఆ దిగులు లేదు. అతనికి ముయ్యి దిగులు.

హేమలత ఇంట్లోంచి ఫోను పట్టుకుని వచ్చింది. చిలమత్తూరులో కాపురం. మేనమామ కూతురి పెళ్ళికని నిన్న పుట్టింటికి వచ్చింది.

"నాయనా, ఈ పొద్దు రోంత దిగినాది" అంది.

నాగేశ్వర ముఖం విప్పారింది. "దిగినాదా? ఎంత దిగినాది? ఇంగా దిగుతాదా?"

"ఏమో. మద్దేన్నానికి మళ్ళ ఎక్కొచ్చు."

"ఎక్కకూడదే తల్లీ! రేపటి దాకా ఎక్కకుండా ఉంటే సాలు."

కన్నకూతురి సొమ్ము తరిగిపోవాలని మొక్కుకునే తండ్రిని అక్కమ్మ ఎక్కడా చూడలేదు. ఇంట్లోనే చూస్తానని అనుకోనూ లేదు.

"సిగ్గు లేదా నీకు? అది నీ బిడ్డ సొమ్ము!" అని కసిరింది.

"బిడ్డదేమే. తీర్చేది మాత్రం నేను గదా!"

"ఏ పొద్దు ధర ప్రకారం పెడ్తావు నాయనా?" హేమలత నవ్వు ఆపుకోలేకపోయింది. "తాళి కట్టేటప్పటిదా, చదివింపులప్పటిదా? ఆదివారమైతే ధరే ఉండదు."

"ఆదివారం ముహూర్తం పెట్టుకోమని చెప్పింటే పోయేది" అన్నాడు నాగేశ్వర, నిజంగానే నొచ్చుకుంటూ.

వ్యాపారి బీడీ పారేసి దగ్గరకు వచ్చాడు. "అన్నా, నేను ఇంగా రెండూర్లు తిరగల్ల. ఇస్తావా, పోదునా?"

నాగేశ్వర మళ్ళీ తాడు బిగించాడు. అక్కమ్మ వెళ్ళి ఆ తాడు రెండో కొస పట్టుకుంది.

"ఒగ మాట చెప్పప్పా. మా యమ్మ నన్ను ఈ యింటికి పంపేటప్పుడు ఏమిచ్చె?"

"ఏమిచ్చె? ఒగ గొర్రెనిచ్చె."

"ఆ ఒగ గొర్రె ఈనే గదా ఈ దొడ్డి ఇంత అయ్యింది?"

"అయ్యింది. అయితే?"

"మా యమ్మ సచ్చేదాకా ఎప్పుడన్నా వచ్చి, నా గొర్రె ఇన్ని పిల్లల్ని ఈనింది, లెక్క గట్టి దొడ్డంతా తిరిగియ్యండి అనిందా?"

నాగేశ్వర నోరు తెరిచాడు. గొర్రెను ఒకసారి, దొడ్డిని ఒకసారి చూశాడు.

"అనలేదు గదా! ఇచ్చినోళ్ళు ఇచ్చింది ఒగ గొర్రె. పిల్లలు పుట్టింది మన దొడ్లో. అవి మనవి. నా తమ్ముడు ఇచ్చిందీ అంతే."

"అది గొర్రె మే. ఇది షేరు."

"మేత మేసేది గొర్రె, మేయనిది షేరు. అంతే తేడా."

"ఆయమ్మ చెప్పేది న్యాయమేనన్నా" అన్నాడు వ్యాపారి.

"నువ్వు బీడీ తాగప్పా ఆడ నిలబడుకోని!" అని నాగేశ్వర అతని మీద విరుచుకుపడ్డాడు. పెళ్ళాం మీద చూపించలేని కోపం ఎక్కడో ఒకచోట చూపించాలి కదా. వ్యాపారి నవ్వుకుంటూ బండి తీశాడు.

తాడు వదిలేశాక కూడా నాగేశ్వర మనసు కుదుట పడలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"నీ న్యాయం నువ్వు చెప్తివి. నీ తమ్ముడు కూడా ఇదే న్యాయం అంటాడని ఏం నమ్మకం? కాగితమని నవ్వినోళ్ళు, అది పెరిగినాక కిమ్మనకుండా తినేసినారు అంటే? పోయిన సంవత్సరం చెనిక్కాయ పీకేటప్పుడు హేమ చెప్పినప్పటి నుంచి నాకు నిద్దర సరిగ లేదు."

అదీ సంగతి. మొదట కోపంతో పోలేదు. తరవాత హేమలత ఫోను చూపించిన రోజు నుంచి, పోతే ముయ్యి మాట వస్తుందని నాగేశ్వర పోనివ్వలేదు. అక్కమ్మకూ మొహం చెల్లలేదు. ఏ కాగితాన్ని పట్టుకుని తమ్ముణ్ణి తిట్టిందో అదే కాగితం తన బిడ్డను నిలబెడుతుంటే, ఇప్పుడు వెళ్ళి ఏమని నోరు విప్పుతుంది?

"వాడేమంటాడో వాడే చెప్పల్ల" అంది చివరికి. "ఈ పొద్దే పోదాం పా. రేపు పందిట్లో నలుగురి ముందర తేల్చుకునేది కాదు ఇది."

---

కళ్యాణదుర్గంలో బస్సు మారి, కుందుర్పిలో దిగేసరికి ఎండ నడినెత్తి దాటింది. తిప్పన్న ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. రేకుల షెడ్డులో విప్పిన మోటార్లు, రాగి తీగ చుట్టలు ఒక మూలకు తోసి, వంటపాత్రలు పెట్టారు.

మారెక్క పరిగెత్తుకొచ్చింది. "వదినా! వస్తివా! రా, రా. హేమా, ఎంత సన్నబడితివే! అన్నా, కూర్చో." ఒక్క గుక్కలో ముగ్గురినీ పలకరించింది. గంగరత్న చేతుల నిండా గోరింటాకుతో వచ్చి, తాకకుండానే మేనత్త భుజానికి తల ఆనించింది.

తిప్పన్న నిచ్చెన మీద ఉన్నాడు. పందిరికి రంగు బల్బుల తీగ కడుతున్నాడు.

"వస్తిరా" అన్నాడు. అంతే. మళ్ళీ తీగ వైపు తిరిగాడు.

అక్క అనలేదు. బావ అనలేదు. అక్కమ్మ మారెక్క తెచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకుంది గానీ తాగలేదు.

పైన తిప్పన్న ఒక బల్బు బిగించాడు. విప్పాడు. మళ్ళీ అదే బల్బు బిగించాడు. మారెక్క మొగుణ్ణి చూసింది, వదినను చూసింది, పైట కొంగు వేలికి చుట్టుకుంది. వంటవాళ్ళు ఎక్కడో ఉల్లిగడ్డలు బేరమాడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నాగేశ్వరకు అన్నీ సరిపడతాయి గానీ మౌనం సరిపడదు.

"తిప్పన్నా, దాపరికం ఏంటికి? నీ షేర్లకు మేం ఎంత తిరిగి పెట్టల్లనో నోరు తెరిచి చెప్పు. ఒగ మాట అనుకుంటే అయిపోతాది" అన్నాడు.

తిప్పన్న చేయి ఆగిపోయింది. నిచ్చెన దిగి వచ్చాడు. ముఖం నల్లబడింది.

"యగతాళి చేసేకి వచ్చినావా బావా?"

"యగతాళి ఏందప్పా?"

"నా బిడ్డ పెండ్లిలో గూడా నవ్వల్లనా? ఆ పొద్దు నవ్వింది సాల్లేదా?"

"ఎవురు నవ్వినారు ఇప్పుడు? ముయ్యి ఎంత అని అడిగితి. అది తప్పా?"

"ఉండేదానికి ముయ్యి అడగల్ల. లేనిదానికి అడిగితే యగతాళి గాక ఇంగేంది?" తిప్పన్న గొంతు పెరిగింది. పందిరి వేసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. "పెండ్లయిన కొన్నాళ్ళకే సగం కరిగిపాయె. నాకు తెల్దనుకున్నావా? నా ఖాతాలో మిగిలినవి దొరికిన ధరకు అమ్మేస్తి. ఆ వైపు సూసేదే మానేస్తి. హేమకు పెట్టింది మాత్రం పోయినట్లే. ఒక్కగానొక్క మేనకోడలికి ఉత్త కాగితం పెట్టినోన్ని నేను. అయ్యింది గదా! ఇంగేం కావల్ల?"

అక్కమ్మ లేచి నిలబడింది. చేతిలో మజ్జిగ తొణికి చీర మీద పడింది. చూసుకోలేదు.

"ఏం పోయింది రా?"

"షేర్లక్కా. పోయినాయి."

అక్కా అన్నాడు. కోపంలోనో బాధలోనో, అన్నాడు. అక్కమ్మకు ఆ మాట తప్ప మిగతాదంతా కాసేపు వినిపించలేదు.

"నువ్వు తిట్టినావని కాదక్కా నేను రానిది" అన్నాడు తిప్పన్న. ఇప్పుడు గొంతు తగ్గింది. "అక్క తిడితే పడలేనా? సిన్నప్పుడు తిట్టలేదా, కొట్టలేదా? నువ్వు తిట్టింది నిజమైపాయెనే అని రాలేదు. ఏ మొగం పెట్టుకోని వస్తును మీ యింటికి?"

అక్కమ్మ మొగుడి వైపు చూసింది. నాగేశ్వర కూతురి వైపు చూశాడు. హేమలత అప్పటికే ఫోను తీసింది.

"మామా, నీకు తెల్దా?"

"ఏం తెల్దు?"

"అవి పోలేదు మామా. దిగినాయి, మళ్ళ ఎక్కినాయి. నేను ముట్టుకోలేదు. ఇచ్చినోడివి నీకు తెలిసే ఉంటాదిలే అనుకుంటి." ఫోను అతని ముందు పెట్టింది. "సూడు."

తిప్పన్న చేతులకున్న మసి తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఫోను అందుకున్నాడు. చూశాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. పక్కనే బోర్లించిన వంటగంగాళం మీద కూర్చుండిపోయాడు.

"ఇది నిజమేనా పాపా?"

"నిజమే మామా."

"నువ్వు పెట్టిందానికి రెండింతలు అయ్యిండాది రా తిప్పన్నా" అన్నాడు నాగేశ్వర. "అది తిరిగి పెట్టల్లంటే మేం ఏమైపోవల్లనో తెలీక ఈడికి వస్తిమి. యగతాళి గాదు రా నాయనా, భయం!"

తిప్పన్న బావ ముఖం చూశాడు. ఆ ముఖంలో నిజంగానే భయం ఉంది. ముందు తిప్పన్నకే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. మూడేళ్ళుగా గుండెల మీద కూర్చున్న బండ ఎవరో దొర్లించేసినట్టయింది అతనికి. అక్కమ్మకూ అంతే. దిగినప్పుడు సిగ్గుపడి వాడు రాలేదు, ఎక్కినప్పుడు భయపడి తాము పోలేదు. ఈ మధ్యలో ఎన్ని పండగలు పోయాయి, ఎన్ని మంచిచెడ్డలు పోయాయి!

"ఇది ఈయప్ప అయిదో బోరుకు పెట్టుకున్న దుడ్డు వదినా" అంది మారెక్క, ఇంక ఆగలేక. "నాలుగు బోర్లు ఏస్తే నాలుగూ దుమ్మే లేపినాయి. అయిదోది ఏస్తానంటే నేనే అడ్డం పడితి. దాంతో షేర్లు కొన్నాడు. అవి పడిపాయెనని, ఆ బోరే ఏసింటే సూసేకి గుంతన్నా మిగిలుండు గదప్పా అని ఎన్నిసార్లు దెప్పినానో! నా నోట్లో మన్ను పడ."

"నీ నోట్లో మన్నేంటికి మే, చక్కెర పోస్తాలే" అన్నాడు తిప్పన్న.

పందిరి వేసేవాళ్ళు మళ్ళీ పనిలో పడ్డారు. వింతేమీ మిగల్లేదని తేలిపోయింది వాళ్ళకు.

అక్కమ్మ వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. "ముయ్యి మాట తేల్చు రా. రెండింతలు పెట్టేంత శక్తి మాకు లేదు."

"పెట్టమని ఎవురు అడిగినారక్కా? అది హేమది. ఎక్కినా దిగినా హేమదే. నీకు కావల్లంటే ఒగ రవిక గుడ్డ పెట్టు, సాలు."

"రవిక గుడ్డ పెట్టేంత తక్కువదాన్నా నేను?" అక్కమ్మకు రోషం వచ్చింది. మూడేళ్ళకు తిరిగి వచ్చిన రోషం అది. దాని వెనకే చనువూ వచ్చింది. "అమ్మ నాకేం పెట్టిందో నా కోడలికి నేను అదే పెడ్తా. ఒగ గొర్రెను పెడ్తా. గంగరత్న టౌనులో ఉంటాది గదా, గొర్రె నా దొడ్లోనే ఉంటాది. మేపేది నేను. పుట్టే పిల్లలన్నీ దానివే."

"ఏ గొర్రెను?" నాగేశ్వర అనుమానంగా అడిగాడు.

"ఎర్రదాన్ని."

"ఓసి నీ! పొద్దున అమ్మనీయకపోతివి, మద్దేన్నానికి ఊరికే ఇస్తాంటివి!"

"పొద్దున నువ్వు కోసేవానికి ఇస్తాంటివి. నేను సాకేదానికి ఇస్తాండా."

గంగరత్న గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని, "అత్తా, దాన్ని ఫోటో తీసి పంపియ్యవా?" అంది. హేమలత వెంటనే, "నెలనెలా నేను పంపిస్తాలే. నా షేర్ల మాదిరి నువ్వూ సూసుకుంటాండొచ్చు" అంది.

ఆ మధ్యాహ్నం వంకాయ కూర, రాగిసంగటి వడ్డించి మారెక్క అందరినీ ఒక్క వరసలో కూర్చోబెట్టింది. తిప్పన్న అక్క పక్కనే కూర్చున్నాడు. రెండోసారి సంగటి వేయించుకున్నాడు. అక్కమ్మ పది రోజుల ఆకలీ ఆ పూటే తీర్చుకుంది.

---

మర్నాడు తాళి కట్టడం అయింది. తలంబ్రాలు అయ్యాయి. చదివింపులు మొదలయ్యాయి.

మైకు పట్టుకున్నది మూడేళ్ళ కిందటి ఆ బంధువే. అతన్ని చూడగానే అక్కమ్మ నాగేశ్వర పక్కకు జరిగి నిలబడింది. నిన్న ఇంట్లో కూర్చుని గొర్రె పెడతాననడం తేలికే. అటువైపు మడకశిర నుంచి వచ్చిన మగపెళ్ళివారు వందమంది కూర్చున్నారు. వాళ్ళు మళ్ళీ ఘొల్లుమంటే? ఈసారి నవ్వులపాలయ్యేది తమ్ముడి పందిరి.

"మేనత్త అక్కమ్మ, నాగేశ్వర దంపతులు..." అని చదివి, ఆ బంధువు చేయి చాచాడు. "కవరు యాడక్కా?"

"కవరు లేదు. గొర్రె" అన్నాడు నాగేశ్వర.

"ఏంది?"

"గొర్రెనప్పా! చదువు!"

"...ఒక గొర్రె!"

నవ్వులు లేచాయి. ముందు ఆడవాళ్ళ వైపు, తరవాత మగవాళ్ళ వైపు. అక్కమ్మ తల వంచుకుంది. అంతలో ఆ నవ్వుల మీదుగా తిప్పన్న గొంతు వినిపించింది.

"నవ్వండి, బాగా నవ్వండి! మా యమ్మ మా యక్కకు ఒగ గొర్రెనిస్తే దొడ్డి నిండింది. ఇప్పుడు మా యక్క నా బిడ్డకు ఇస్తాంది. ఇంత మందిలో ఇంతకన్నా పెద్దది ఎవురు పెట్టినారో చెప్పండి!"

నవ్వులు అట్లాగే చప్పట్లయ్యాయి. అక్కమ్మ తల ఎత్తింది. ఇంక ఈ జన్మకు ఏమీ అక్కర్లేదనిపించింది.

అప్పుడు లేచాడు పెళ్ళికొడుకు తండ్రి రంగప్ప. భారీ మనిషి, మంచి మనిషి, తిండిప్రియుడు. నవ్వుతూ వచ్చి మైకు అడిగి తీసుకున్నాడు.

"శానా సంతోషమప్పా. మంచి మనుషులతో వియ్యమందితిమి. రేపు మా యింట్లో విందు ఉండాది. అందరూ రావల్ల. ఈ గొర్రెను మాపుకే బండెక్కిస్తే, పొద్దున్నే కోసి కూర చేయిస్తా. కోడలు తెచ్చిన గొర్రె అని మా ఊరంతా చెప్పుకుంటారు!"

మగపెళ్ళివారు ఈలలు వేశారు. ఈసారి ఆడపెళ్ళివారి వైపే చప్పట్లు ఆగిపోయాయి.

గంగరత్న బాసికం కింద నుంచి కళ్ళెత్తి తండ్రిని చూసింది. తిప్పన్న ఏం చెప్పగలడు? తాళి కట్టి గంట కాలేదు. వియ్యంకుడు నలుగురిలో నోరు తెరిచి అడిగాడు. లేదంటే బిడ్డకు అత్తింట్లో మొదటి రోజే మాట వస్తుంది. సరే అంటే అక్క ప్రేమగా పెట్టింది రేపటికి గిన్నెలో ఉడుకుతుంది. రంగప్ప చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి, తిన్నగా అక్క దగ్గరికి వచ్చాడు.

"మా యింటికి పెద్దది మా యక్క, అన్నా. ఆమె ఎట్లంటే అట్ల" అని మైకు అక్కమ్మ చేతిలో పెట్టాడు.

ఈ మాట కోసమే కదా మూడేళ్ళు ఏడ్చింది! తీరా వచ్చేసరికి అడకత్తెరలో పోకచెక్కగా వచ్చింది. పందిరి మొత్తం తన నోటి వైపే చూస్తోంది. పక్కన గంగరత్న ఆమె చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుంది.

"అన్నా, నువ్వడిగితే కాదనేదెట్ల? ఇంటికి పోతే తెచ్చి ఇచ్చేదాన్నే" అంది అక్కమ్మ. గంగరత్న చేతి మీద తన చెయ్యి వేసింది. "కానీ ఆ గొర్రె సూడితో ఉండాదన్నా."

రంగప్ప చప్పున చెవులు పట్టుకున్నాడు. "సూడిదా! వద్దు తల్లీ, వద్దు వద్దు. సూడి గొర్రెను కోస్తే ఆ పాపం ఊరికే పోతాదా? పెండ్లి పిల్లకు శుభమా? నీ దొడ్లోనే ఉండనీ." వెంటనే అతని ముఖం మళ్ళీ వికసించింది. "ఎప్పుడు ఈనుతాది? పిల్లను సూసేకి మేం గూడా వస్తాం!"

అందరూ నాగేశ్వర వైపు తిరిగారు. గొర్రెలవాడు అతనే కదా. నాగేశ్వర నోరు తెరిచాడు. గొర్రె విషయంలో అబద్ధమాడడం అతనికి ఈ వయసు దాకా చేతకాలేదు.

తిప్పన్నే అడ్డం వచ్చాడు. అక్క చేతిలోని మైకులోకే వంగి, "మీరేంటికన్నా అంత దూరం! ఎప్పుడు ఈనినా నేను పోతా మా యక్కింటికి. ముందు కూడా పోయి సూస్తాంటా, నెలనెలా పోతా. మీకు కబురు చేసేది నాది పూచీ" అన్నాడు.

నెలనెలా పోతా అన్నాడు. వీధి మలుపులో బండి మీదే ఉండిపోయిన తమ్ముడు, వందమందిలో అన్నాడు. అక్కమ్మకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. ఇంతమంది చూస్తున్నారన్న సిగ్గు కూడా కలగలేదు.

నాగేశ్వర మెల్లగా పక్కకు జరిగి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఏమ్మే, అది యాడ సూడిదే? ఇంతవరకూ పొట్టేలు దగ్గరికే పోలేదు గదే అది!"

ఆ మాట పందిరి నాలుగు మూలల్లోని స్పీకరు పెట్టెల్లోంచి ఖంగున మోగింది. అక్కమ్మ ఉలిక్కిపడి చేతిలోని మైకును పైట కింద దాచుకుంది. ఎదురుగా కుర్చీలో కూర్చోబోతున్న రంగప్ప, సగం వంగినవాడు వంగినట్టే ఆగి, ఇటు తిరిగాడు.